హెల్ప్ ఎవరూ తెరవట్లేదా? ముందు ఆ పని జరిగే చోటికెళ్ళి రెండు షిఫ్టులు కూర్చోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండి. రుషికొండలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెక్నికల్ రైటర్‌గా చేరి ఎనిమిది నెలలైంది. గోడౌన్లు, యార్డులు వాడే సాఫ్ట్‌వేర్‌కి నాలుగొందల పేజీల ఆన్‌లైన్ హెల్ప్ (దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు) తయారుచేశారు, కస్టమర్ల దగ్గర దాన్ని ఎవరూ తెరవట్లేదు. మీ మేనేజర్ గారేమో హెల్ప్ బాలేదు, తీసేసి చాట్‌బాట్ పెడదాం అంటున్నారు. తప్పు హెల్ప్‌లో ఉందా, వాడేవాళ్ళ ఆఫీసు పద్ధతుల్లో ఉందా, అసలు ఆఫీసు వాతావరణానికీ హెల్ప్‌కీ సంబంధం ఉంటుందా అని అడిగారు.

సూటిగా చెప్తున్నా: ఉంటుంది, మీరు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ ఉంటుంది. పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు, కౌంటర్ అవతల ఎవరు నిలబడి చూస్తున్నారు, తప్పు పడితే ఎవరిని పిలిచి అడుగుతారు, నిమిషాలు ఎవరు లెక్కపెడుతున్నారు, ఫోన్ లోపలికి రానిస్తారా, ఐటీ వాళ్ళు ఏమేం బ్లాక్ చేశారు... హెల్ప్ తెరవాలా వద్దా అని మనిషి నిర్ణయించుకునేది వీటిని బట్టే. వాక్యాలు ఎంత బాగా రాశాం అన్నది ఆ తర్వాత సంగతి. రెండోది, మీకు కొంచెం కష్టంగా అనిపించొచ్చు, మీ నాలుగొందల పేజీలు ఆ ఆకారంలో రావడానికి కూడా ఒక ఆఫీసే కారణం, అది మీ ఆఫీసు. చాట్‌బాట్ సంగతి కిందికొచ్చాక చెప్తా.

నేను ఈ పనిలోకి వచ్చి పంతొమ్మిదేళ్ళు. మొదట్లో మాన్యువల్స్ మాత్రమే రాసేవాణ్ణి, తర్వాత ఈఆర్‌పీ (కంపెనీ లెక్కలు, సరుకు, బిల్లులు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టే చోట్ల ట్రైనింగ్, హెల్ప్ రెండూ నా మీదే పడ్డాయి. గాజువాక ఆటోనగర్, పోర్టు వైపు యార్డులు, దువ్వాడ, పరవాడ, ఇవన్నీ తిరిగా. అక్కడ చూసినవే చెప్తాను, కంపెనీల పేర్లు మాత్రం అడగొద్దు.

మీది కూడా యార్డు సాఫ్ట్‌వేరే కాబట్టి ముందు కాటా, అంటే లారీలు తూచే వేబ్రిడ్జి, సంగతి చెప్పాలి. పోర్టు దగ్గర ఒక యార్డు, కాటా పక్కన చిన్న గది, బొగ్గు దుమ్ము వల్ల కీబోర్డుకి ప్లాస్టిక్ కవర్ తొడిగి ఉంచుతారు, కిటికీలోంచి డ్రైవర్లు చెయ్యి చాపి స్లిప్పు అడుగుతుంటారు. ఖాళీ బండి తూస్తే టేర్, లోడుతో తూస్తే గ్రాస్, తేడా నెట్, ఇదంతా మీకు తెలిసిందే. అక్కడ రోజూ వచ్చే సమస్య ఏంటంటే, పొద్దున టేర్ తీసిన బండి లోడుతో వచ్చినప్పుడు నంబర్లో ఒక్క అక్షరం తేడాగా కొట్టినా సాఫ్ట్‌వేర్ దాన్ని కొత్త బండి అనుకుంటుంది, పెండింగ్ ట్రాన్సాక్షన్ దొరకలేదు అని ఇంగ్లీషులో ఎర్రర్ పడుతుంది. దీని గురించి మా హెల్ప్‌లో మంచి పేజీ ఉంది, స్క్రీన్‌షాట్లతో సహా. రాసింది నేనే. ఒక్కరు కూడా చూడలేదు.

ఎందుకు చూడలేదో ఆఫీసులో కూర్చుని ఎంత ఆలోచించినా తెలిసేది కాదు. అక్కడికెళ్ళి కూర్చున్న రెండో షిఫ్టులో తెలిసింది. ఎఫ్1 నొక్కితే మా హెల్ప్ స్క్రీన్ మొత్తం నిండిపోయేలా తెరుచుకునేది, దాని కింద బరువు చూపించే అంకె కనబడకుండా పోయేది. కాటా మీద బండి నిలబడ్డాక ఆ అంకె కదలకుండా ఆగేదాకా ఆపరేటర్ దానిమీదే కన్నేసి ఉంచాలి, అదే అతని ఉద్యోగం. అతనన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది, "అది నొక్కితే కాటా ఎల్లిపోద్ది సార్, ఎనకాల పది బళ్ళున్నాయి, ఆళ్ళు ఊరుకుంటారేటి" అని. కొత్తగా వచ్చిన ప్రతి ఆపరేటర్‌కీ మొదటిరోజే నేర్పే పాఠం ఎఫ్1 ముట్టుకోవద్దు అన్నది. అంటే మా హెల్ప్ తెరవకపోవడం అక్కడ అందరూ కలిసి పెట్టుకున్న ఒక రూలు, అది కూడా పూర్తిగా న్యాయమైన రూలు.

మరి ఎర్రర్ వస్తే ఏం చేస్తున్నాడు? నైట్ చేసి వెళ్ళి పడుకున్న ఇంకో ఆపరేటర్‌కి ఫోన్ చేసి లేపుతున్నాడు.

ఆ పేజీ తీసేశాం. ఎర్రర్ పడే చోటే "ఈ బండికి టేర్ దొరకలేదు. కింద లిస్టులో నంబర్ చివరి 4 అంకెలు చూసి ఎంచుకోండి" అని తెలుగులో ఒక మాట పెట్టించి, ఆ కింద టేర్ అయి గ్రాస్ అవని బళ్ళ లిస్టు చూపించాం. డెవలపర్‌కి ఒక వారం పని. హెల్ప్ విండో బరువు అంకెని కప్పకుండా పక్కకి తెరుచుకునేలా మార్పించాం. ఇంకో మూడు రకాల తప్పులకి లామినేషన్ చేసిన కాగితం ఒకటి ప్రింటర్ పైన గోడకి అంటించాం. పడుకున్న మనిషికి ఫోన్లు ఆగిపోయాయని అతనే నాకు చెప్పాడు. నా పంతొమ్మిదేళ్ళలో నేను రాసిన వాటిలో ఎక్కువ ఉపయోగపడింది ఆ రెండు వాక్యాలే అని నా నమ్మకం.

ఇది మన దగ్గరే జరిగే విషయం కాదండి. 1980ల మొదట్లో ఐబీఎం పరిశోధన కేంద్రంలో జాన్ కారల్ అనే ఆయన, ఆఫీసు ఉద్యోగులు వర్డ్ ప్రాసెసర్ ఎలా నేర్చుకుంటున్నారో పక్కన కూర్చుని చూశాడు. వాళ్ళు మాన్యువల్ మొదటి పేజీ నుంచి చదవరు, చేతిలో ఉన్న పని చేసెయ్యాలని చూస్తారు, మధ్యలో ఇరుక్కుంటారు, ఇరుక్కున్నప్పుడు ఆ ముక్క వరకే కావాలంటారు. అందుకని మాన్యువల్ బాగా తగ్గించి, నిజమైన పనులతో మొదలుపెట్టి, తప్పు జరిగితే బయటపడే దారికి చోటు ఎక్కువ ఇవ్వమన్నాడు. మన రంగంలో మినిమలిజం అంటున్నది అదే. నేను దాన్ని చదివింది చాలా ఆలస్యంగా, కాటా గది తర్వాత. ముందే చదివి ఉంటే కొన్ని వందల పేజీలు రాసేవాణ్ణి కాదు.

అదే కాలంలో జెరాక్స్ వాళ్ళ పాలో ఆల్టో కేంద్రంలో లూసీ సచ్‌మన్ అనే ఆంత్రోపాలజిస్టు (మనుషుల అలవాట్లు, పద్ధతులు దగ్గరుండి చూసి చదివే ఆవిడ), ఫోటోకాపీ మెషిన్‌కి తెలివైన హెల్ప్ పెడితే జనం దాన్ని ఎలా వాడతారో వీడియో తీసి చూసింది. ఇద్దరిద్దరిని మెషిన్ ముందు పెట్టింది. వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటూ, ఇదేంటి అదేంటి అని ఊహించుకుంటూ చేస్తుంటే మెషిన్‌కి అందులో ఏదీ తెలీదు, దానికి తెలిసేది ఏ బటన్ నొక్కారు, ఏ మూత తీశారు అన్నంత వరకే. దాంతో మనిషి ఒక సందర్భంలో ఉంటాడు, హెల్ప్ ఇంకో సందర్భం అనుకుని సమాధానం ఇస్తుంది. మీ చాట్‌బాట్‌కి కూడా ఇదే వర్తిస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు పక్క సీటు సంగతి. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్దది.

గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీ, స్టోర్స్ డిపార్ట్‌మెంట్. ఎస్ఏపీ అనే ఈఆర్‌పీ వాడతారు. దాన్లో ఏ గడిలోనైనా కర్సర్ పెట్టి ఎఫ్1 నొక్కితే ఆ గడి అంటే ఏంటో చెప్తుంది, ఎఫ్4 నొక్కితే అందులో ఏమేం వేయొచ్చో లిస్టు ఇస్తుంది. హెల్ప్ లేదని అనడానికి లేదు. కానీ సరుకు కదలికకి వేసే మూవ్‌మెంట్ టైప్ గడిలో ఎఫ్4 కొడితే చాంతాడంత లిస్టు వస్తుంది, ఆ స్టోర్స్‌లో రోజూ వాడేది మాత్రం నాలుగైదు. సరుకు వస్తే 101, తప్పు పడితే వెనక్కి తీయడానికి 102, కాస్ట్ సెంటర్‌కి (ఖర్చు ఏ విభాగం లెక్కలో పడాలో చెప్పే కోడ్) ఇష్యూ చేస్తే 201, ఆర్డర్ మీద ఇస్తే 261, ఒక స్టోర్ నుంచి ఇంకో స్టోర్‌కి మారిస్తే 311. ఈ ఐదూ ఎప్పుడు ఏది వేయాలో, ఏ డిపార్ట్‌మెంట్ ఇండెంట్ (సరుకు కావాలని పంపే చీటీ) వస్తే ఏ కాస్ట్ సెంటర్ రాయాలో, నెలాఖరున ఏది ముట్టుకోకూడదో, ఇదంతా ఒక పెద్దాయన డైరీలో ఉండేది. పాత సంవత్సరం డైరీ, అట్టకి టేపు వేసి ఉంచారు. అందరూ ఆయన్ని గురువుగారు అనేవాళ్ళు. డౌటొస్తే కుర్చీ జరుపుకుని ఆయన దగ్గరకి వెళ్ళడమే. ఆయన షిఫ్ట్ కాకపోతే మానిటర్‌ని ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు, ఆయన ఇంటి నుంచి "201 వెయ్ బాబూ" అని వాయిస్ మెసేజ్ పంపుతారు.

కన్సల్టెంట్లు దీన్ని చూసి జనానికి హెల్ప్ చదివే అలవాటు లేదు అని రిపోర్టు రాశారు. నేను ఒప్పుకోను. గురువుగారి దగ్గరికి వెళ్ళడంలో చాలా తెలివైన లెక్క ఉంది. ఆయన ఆ ఫ్యాక్టరీకి మాత్రమే సరిపోయే జవాబు ఇస్తారు, అడిగిన ప్రశ్న తప్పైతే సరైన ప్రశ్న ఏంటో ఆయనే చెప్తారు, అన్నిటికంటే ముఖ్యం, రేపు ఆడిట్‌లో తేడా వస్తే "గురువుగారిని అడిగే వేశాను" అని చెప్పుకోవచ్చు. హెల్ప్ చూసి వేశాను అంటే మన ఆఫీసుల్లో ఎవరూ వినరు. బాధ్యత ఎవరి మీద పడుతుందో తెలియకుండా హెల్ప్ డిజైన్ చేయకండి. ఒక పేజీ మీద "ఇది స్టోర్స్ మేనేజర్ ఆమోదించిన పద్ధతి, ఫలానా తేదీ నుంచి" అని ఒక లైన్ ఉంటే ఆ పేజీ విలువే మారిపోతుంది, నేను నాలుగైదు చోట్ల చేసి చూశాను.

అక్కడ నేను చేసిందేంటంటే, కొత్తగా ఏమీ రాయలేదు, గురువుగారి పక్కన పన్నెండు రోజులు కూర్చున్నాను. ఎవరు వచ్చి ఏం అడిగారు, ఆయన ఏం చెప్పారు, అదే మాటల్లో రాసుకున్నా. వంద పైన ప్రశ్నలు వచ్చాయి, తిరిగి తిరిగి వచ్చేవి తీసేస్తే ముప్పై చిల్లర మిగిలాయి. అవే హెల్ప్. పేరు కూడా ఆయనదే పెట్టాం, ప్రతి జవాబు కింద ఎవరు చెప్పారో రాశాం. మొదట ఆయన కొంచెం ఇబ్బంది పడ్డారు, ఇదంతా కంప్యూటర్లో పెట్టేస్తే నన్నెవరు అడుగుతారు అనే భయం కావచ్చు, నోటితో అనలేదు. తర్వాత కొత్త ప్రశ్న వస్తే ఆయనే పిలిచి ఇది కూడా ఎక్కించు అనేవారు. రిటైరైన రోజు ఆ డైరీని స్టోర్స్‌లోనే వదిలేసి వెళ్ళారు.

జెరాక్స్‌లోనే జూలియన్ ఓర్ అనే ఇంకో ఆయన, టెక్నీషియన్‌గా పనిచేసి తర్వాత ఆంత్రోపాలజీలోకి వచ్చినవాడు, కాపీ మెషిన్లు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగి చూశాడు. కంపెనీ వాళ్ళకిచ్చిన పుస్తకం, ఇది ఉంటే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి అని మెట్లు మెట్లుగా ఉండేది. పుస్తకంలో లేని తేడాలు వచ్చినప్పుడు వాళ్ళు టిఫిన్ దగ్గరో భోజనం దగ్గరో కూర్చుని, నాకు ఫలానా మెషిన్ ఇలా చేసింది, నేనిలా చూశాను అని కథలుగా చెప్పుకుంటూ సమస్య తేల్చేవాళ్ళు. 1990లలో ఆ కంపెనీ యురేకా అని ఒక సిస్టం పెట్టింది, టెక్నీషియన్లే చిట్కాలు రాస్తారు, తోటి టెక్నీషియన్లే పరీక్షించి ఓకే చేస్తారు, రాసినవాళ్ళ పేరు పక్కనే ఉంటుంది. గురువుగారి పేరు పెట్టాలన్న ఆలోచన నాకు అక్కడి నుంచే వచ్చింది.

అందరి ముందూ అడగడం, వెతకడం ఎంత కష్టమో కూడా చూడాలి. ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో కొన్నాళ్ళు పనిచేశా. కౌంటర్ అవతల పేషెంట్ తాలూకు మనిషి డిశ్చార్జి కోసం నిలబడి, అద్దంలోంచి మన స్క్రీన్ వైపే చూస్తుంటాడు. ఆ అమ్మాయి అప్పుడు హెల్ప్ తెరిచి చదువుతుంటే ఈవిడకి పని రాదా అనుకుంటాడు, అనుకోవడం ఏంటి, పైకే అంటాడు. అందుకని ఆ అమ్మాయి తెలిసినట్టు ఏదో ఒకటి నొక్కేస్తుంది, తర్వాత తప్పైతే రాత్రి కూర్చుని సరిచేసుకుంటుంది. అలాంటి చోట హెల్ప్ అనేది హెల్ప్‌లా కనబడకూడదు. గడి పక్కనే చిన్న అక్షరాల్లో ఏం వేయాలో ఉదాహరణ, తప్పు వేస్తే అక్కడికక్కడే సరిచేసే సూచన, అంతే. పెద్ద విండోలు, బొమ్మలు, ఆశ్చర్యార్థకాలు వద్దు. ఆఫీస్ 97లో వచ్చిన పేపర్ క్లిప్ బొమ్మ గుర్తుందా, ఉత్తరం రాస్తున్నట్టున్నారు సాయం కావాలా అని మధ్యలో లేచేది. 2001లో వచ్చిన ఆఫీస్ ఎక్స్‌పీలో దాన్ని మామూలుగా కనబడకుండా చేశారు, ఆఫీస్ 2007కి పూర్తిగా తీసేశారు. పదిమంది మధ్య కూర్చుని పని చేసుకునే మనిషికి పిలవకుండా వచ్చే సాయం ఎంత చికాకో దానివల్ల అందరికీ తెలిసొచ్చింది.

నిమిషాలు కొలిచే చోట ఇంకో రకం. ఒక కాల్ సెంటర్‌లో ఏజెంట్లకి నాలెడ్జ్ బేస్ (జవాబులు రాసిపెట్టిన ఆర్టికల్స్) ఇచ్చారు, అదే సమయంలో ఒక్కో కాల్ ఎన్ని నిమిషాల్లో ముగించారో కొలిచేవాళ్ళు. ఆర్టికల్ వెతికి చదివితే టైము పోతుంది, కాబట్టి పిల్లలు నోట్‌ప్యాడ్‌లో సొంత ఫైల్ పెట్టుకున్నారు, ఒకళ్ళ దగ్గర్నుంచి ఒకళ్ళకి అది కాపీ అయ్యేది, ప్లాన్ రేట్లు మారినా ఆ ఫైళ్ళు మారేవి కావు. మేనేజ్‌మెంట్ ఏం చేసిందంటే ప్రతి కాల్‌లో ఒక ఆర్టికల్ తెరవాల్సిందే అని రూలు పెట్టింది. వెంటనే వ్యూస్ పెరిగిపోయాయి, అందరూ ఫోన్ ఎత్తగానే లిస్టులో మొదటి ఆర్టికల్ తెరిచి పక్కన పడేసేవాళ్ళు. మీ మేనేజర్ గారు రేపు చాట్‌బాట్ ఎంతమంది వాడారు అని లెక్క అడిగితే ఈ సంగతి చెప్పండి. కొలవాల్సింది తెరిచారా లేదా అని కాదు, అదే తప్పు మళ్ళీ మళ్ళీ పడుతోందా, అదే ప్రశ్నతో సపోర్ట్‌కి ఫోన్లు వస్తున్నాయా అన్నది.

ఐటీ, సెక్యూరిటీ రూల్స్ గురించి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే వీటికి మీరు చేయగలిగేది అడిగి తెలుసుకోవడమే. 2005లో మైక్రోసాఫ్ట్ ఒక సెక్యూరిటీ అప్‌డేట్ ఇచ్చాక, నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెట్టిన సీహెచ్ఎం (విండోస్‌లో పాత రకం) హెల్ప్ ఫైళ్ళు తెరిస్తే ఎడమపక్క విషయసూచిక వచ్చేది, కుడిపక్క పేజీ మాత్రం వచ్చేది కాదు. నేను ఒక ఆఫీసుకి వెళ్ళేసరికి అక్కడ హెల్ప్ అలాగే నెలల తరబడి పేజీలు రాకుండా ఉంది, ఎవరూ కంప్లయింట్ చేయలేదు, నాకు ఆ రోజు చాలా బాధేసింది. ఇప్పుడైతే వీడియోలు. ఆఫీసులో వీడియో సైట్లు బ్లాక్, స్పీకర్లు ఉండవు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే సూపర్‌వైజర్ ఒప్పుకోడు, అయినా మనం రెండు నిమిషాల వీడియోలు చేసి పంపిస్తూనే ఉంటాం. ఆయిల్, గ్యాస్, కెమికల్స్ ఉండే చోట ప్రమాదం అని మామూలు ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారు, అక్కడ మెషిన్ మీద క్యూఆర్ కోడ్ అంటించి లాభం ఏంటి?

హుద్‌హుద్ తుఫాను మాత్రం మర్చిపోలేను. 2014 అక్టోబర్ 12. కరెంటు లేదు, టవర్లు పడిపోయాయి, నెట్ రావడానికి రోజులు పట్టింది. మేం హెల్ప్ మొత్తం ఆ ఏడాదే సర్వర్ మీదకి మార్చాం, ప్రింట్లు వద్దన్నాం. ఒక గోడౌన్‌లో జనరేటర్ వేసుకుని లోకల్ మెషిన్ మీద పని మొదలుపెట్టారు, పైకప్పు లేచిపోయి తడిసిన సరుకుని స్టాక్ లెక్కల్లోంచి ఎలా తీయాలో వాళ్ళకి తెలీదు. అది ఎప్పుడూ చేసే ఎంట్రీ కాదు కదా, ఎవరి నోటికీ రాదు. అది రాసిన పేజీ ఏమో నెట్ అవతల ఉంది. తుఫాను తీరంలో ఉన్న ఊరు మనది, సర్వర్ పోయినప్పుడు, కరెంటు పోయినప్పుడు చేయాల్సిన పనుల పేజీలు కాగితం మీద ఉండాలి, ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. మీ హెల్ప్‌లో ఆ పేజీలు ఎన్ని ఉన్నాయో ఇవాళే చూడండి.

ఇక మీ ఆఫీసు. 1968లో మెల్విన్ కాన్వే అనే ఆయన ఒక మాట చెప్పాడు, ఒక సంస్థ తయారుచేసే సిస్టం ఆ సంస్థలో మనుషులు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకునే తీరులాగే తయారవుతుంది అని. హెల్ప్‌కి అది నూటికి నూరుపాళ్ళు నిజం. మీ విషయసూచిక ఒకసారి తీసి చూడండి. మాస్టర్స్, ఇన్‌వర్డ్, అవుట్‌వర్డ్, బిల్లింగ్, రిపోర్ట్స్, అడ్మిన్ అని మెనూ వరసలోనే ఉంటుంది, బహుశా ఒక్కో దానికి మీ దగ్గర ఒక్కో టీమ్ ఉంటుంది, ఒక్కో టీమ్ లీడ్ తన ముక్క చూసి ఓకే అని ఉంటాడు. కాటా దగ్గర మనిషికి ఈ గోడలు లేవు. ఒకే బండి ఇన్‌వర్డ్‌లో మొదలై బిల్లింగ్‌లో తేలుతుంది, అతని సమస్య ఎప్పుడూ రెండు టీమ్‌ల మధ్యలో పడుతుంది, సరిగ్గా అక్కడే హెల్ప్ ఖాళీ. నాలుగొందల పేజీలు ఎందుకయ్యాయి అంటే ప్రతి స్క్రీన్‌కి ఒక పేజీ ఉండాలని ఎవరో చెక్‌లిస్ట్ పెట్టారు కాబట్టి. "పేరు గడిలో పేరు ఎంటర్ చేయండి" లాంటి పేజీలు అలాగే పుడతాయి. రిలీజ్‌కి నాలుగు రోజుల ముందు స్క్రీన్లు చేతికిస్తే ఎవరు రాసినా అంతే వస్తుంది, అది మీ తప్పు కాదండి. ఎనిమిది నెలల్లో మిమ్మల్ని ఒక్క కస్టమర్ దగ్గరికైనా పంపారా? మీ ప్రశ్నలో ఎక్కడా ఆ మాట లేదు, అందుకే అడుగుతున్నా.

భాష గురించి. కాటా దగ్గర, స్టోర్స్‌లో వాడే భాష వేరు. ఎంట్రీ కొట్టడం, బిల్లు పాస్ అవడం, పెండింగ్‌లో పడటం, బండి లోపలే ఉండిపోయింది అనడం, ఇవే వాళ్ళు హెల్ప్‌లో వెతికే మాటలు, అది కూడా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైప్ చేసి వెతుకుతారు. మనం ట్రాన్సాక్షన్ రివర్సల్ అని రాస్తే దొరకదు, "లావాదేవీ విపర్యయం" అని అనువదిస్తే అసలే దొరకదు. ఎంట్రీ వెనక్కి తీయడం అని రాయండి. ఫైల్‌ని ఫైల్ అనండి, సేవ్‌ని సేవ్ అనండి. అలవాట్లు కూడా భాష లాంటివే. పాత ట్యాలీ ఈఆర్‌పీ 9లో ఎఫ్1 అంటే కంపెనీ ఎంచుకోవడం, 2020లో వచ్చిన ట్యాలీప్రైమ్‌లో ఎఫ్1 అంటే హెల్ప్. ఏళ్ళ తరబడి అకౌంట్స్ చేసినవాళ్ళకి వేలికి వేరే అర్థం అలవాటైపోయింది, ఎఫ్1 అంటే హెల్ప్ అని అందరికీ తెలుసు అని మనం అనుకోవడానికి లేదు.

చాట్‌బాట్ పెట్టాలా? పెట్టండి, కానీ ఇప్పుడు కాదు, హెల్ప్ బదులుగా అసలు కాదు. దాని వల్ల ఒక మంచి ఉంది, అది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటా. కొత్తగా చేరిన పిల్లలు సీనియర్‌ని మూడోసారి అడగడానికి సిగ్గుపడతారు, బాట్‌ని పదిసార్లైనా అడుగుతారు, ఎవరూ చూడరు. రాత్రి షిఫ్ట్‌లో అడగడానికి మనిషే ఉండడు, అప్పుడూ పనికొస్తుంది. కానీ అది చెప్పేది మీరు దానికిచ్చిన నాలుగొందల పేజీల నుంచే. ఆ యార్డులో ఏ పార్టీకి క్రెడిట్ ఇవ్వరో, ఏ సరుకుకి తేమ తగ్గింపు ఎవరు ఓకే చేయాలో ఆ పేజీల్లో లేదు, అది అక్కడి గురువుగారి దగ్గర ఉంది. లేని దానికి బాట్ అందంగా ఒక జవాబు తయారుచేసి ఇస్తే, ఆ ఎంట్రీ కొట్టిన కుర్రాడి జీతంలో కోత పడుతుంది, బాట్‌కి ఏం కాదు. అందుకని ముందు యార్డు సొంత రూల్స్ సేకరించండి, ప్రతి దాని కింద ఎవరు ఆమోదించారో రాయించండి, తెలియనప్పుడు ఫలానా మనిషిని అడగండి అని పేరు, షిఫ్ట్ చూపించేలా బాట్‌ని పెట్టించండి. అలా చేస్తే నాలుగొందల పేజీల్లో డెబ్బై ఎనభై మిగులుతాయని నా అంచనా, మిగతావి ఎర్రర్ మెసేజ్‌ల్లోకి, గడుల పక్కకి, గోడ మీదకి వెళ్ళిపోతాయి.

ఒక జాగ్రత్త. నేను చెప్పిందంతా రోజూ అదే పని చేసేవాళ్ళ గురించి. ఏడాదికోసారి చేసే పనులు, ఇయర్ ఎండింగ్, కొత్త బ్రాంచి తెరవడం, పన్ను రేట్లు మారడం, వీటికి పక్క సీటు మనిషికి కూడా గుర్తుండదు, అక్కడ పొడుగు పేజీలు, మెట్లు మెట్లుగా రాసినవి కావాలి, జనం చదువుతారు కూడా. సిస్టం అడ్మిన్‌లు కూడా చదువుతారు. కాబట్టి రాసినవన్నీ తీసిపారేయకండి.

మీ మేనేజర్ గారితో వాదన పెట్టుకోవద్దు, ఆయన్ని కూడా వెంట తీసుకెళ్ళండి. గేట్ పాస్‌కి రెండు మూడు రోజుల ముందే మెయిల్ పెట్టాలి, సేఫ్టీ షూ, హెల్మెట్ మీవే తీసుకెళ్ళండి, అక్కడ మీ సైజు దొరకదు. ల్యాప్‌టాప్ వద్దు, చిన్న నోట్‌బుక్ చాలు, ల్యాప్‌టాప్ చూస్తే ఆడిట్‌కి వచ్చారనుకుని మాట్లాడరు. మొదటి గంట ఏమీ అడక్కండి, ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో రాసుకోండి, గోడ మీద, మానిటర్ అంచుకి అంటించిన చీటీలన్నీ కాపీ చేసుకోండి, మీ సాఫ్ట్‌వేర్‌లో ఏమేం లేవో ఆ చీటీలే చెప్తాయి. సి షిఫ్ట్‌కి, అంటే రాత్రి షిఫ్ట్‌కి, కూడా పర్మిషన్ అడగండి, పగలైతే అడగడానికి మనుషులుంటారు, హెల్ప్ నిజంగా అవసరమయ్యేది రాత్రి రెండింటికి. వెళ్ళొచ్చాక ఏం చూశారో రాయండి, మా కాటా స్క్రీన్‌లో మార్చిన మెసేజ్‌లు ముందెలా ఉండేవో తర్వాతెలా ఉన్నాయో నా దగ్గర ఉన్నాయి, అవి పెడతాను.